ఇచ్చే చేతిని వెక్కిరించకండి, తీసుకునే చేతిని లెక్క అడగండి

కిందటి ధమ్మచక్ర ప్రవర్తన దినం నాడు ఒక పట్టణంలో మన సభ జరిగింది. వక్తల్లో ఒకాయన బాగా చదువుకున్నవాడు, మంచి ఉద్యోగంలో ఉన్నవాడు. మైకు అందుకుని మన క్రైస్తవ బంధువులను ‘పాలపొడి క్రైస్తవులు’ అన్నాడు. వాళ్ల తాతలు గోధుమపిండికి మతం మారారని, మనవలు దశమభాగం పేరుతో పాస్టర్లకు కప్పం కడుతున్నారని అన్నాడు. సభ నవ్వింది. ముందు వరుసలో మేమూ ఉన్నాం. మేము నవ్వలేదు, కానీ లేచి కాదనీ అనలేదు. ఆ రోజు నోట్లో మింగిన మాట ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాం.

సభ ముగిశాక ఇంకొకటి జరిగింది. హాలు అద్దెకు డబ్బు తక్కువైంది. కార్యకర్తలు ఒక తువ్వాలు పట్టుకుని వరుసల మధ్య తిరిగారు. ఆ వక్త దగ్గరకు వచ్చేసరికి ఆయన ఫోను చెవిన పెట్టుకుని బయటికి నడిచాడు. మిగిలిన అద్దెను కట్టింది ఇద్దరు పారిశుధ్య కార్మికులు, ఒక అంగన్‌వాడీ టీచరు. కప్పం కట్టేవాళ్లను వెక్కిరించిన నోటికి, జేబులోకి పోని చేతికి ఏం సంబంధమో పాఠకులే తేల్చుకోవాలి.

ఆ తిట్టు ఎవరిది?

‘కూటికోసం మతం మారారు’ అన్న నింద మన వాడల్లో పుట్టలేదు. ఊరు పుట్టించింది. కళ్లంలో మంచి గింజలు గాదెలకెత్తి, తాలు గింజలు మనవైపు ఊడ్చిన ఊరు అది. కరువులో తలుపులు బిగించుకున్న ఊరు. ఇంకెవరో వచ్చి గంజి పోస్తే మాత్రం గంజికి అమ్ముడుపోయారని అంది. ఆకలి పెట్టినవాడికి లేని సిగ్గు ఆకలిగొన్నవాడికి ఎందుకు ఉండాలి? ఆ తిట్టును మనం కింద పడకుండా పట్టుకుని, మన మేనత్తల మీదా పెద్దమ్మల మీదా విసురుతున్నాం.

పైగా ఆ నింద చరిత్రకు నిలవదు. 1876–78 మధ్య మద్రాసు రాష్ట్రాన్ని పీల్చి పిప్పి చేసిన కరువులో ఒంగోలు ప్రాంతంలో ఏం జరిగిందో చూడండి. అక్కడ జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌ అందులో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకున్నాడు. తన దగ్గరున్న తెలుగు ఉపదేశకులను మేస్త్రీలుగా పెట్టి, వచ్చిన వాళ్లకు పని ఇచ్చి, పనికి కూలి ఇచ్చాడు. కరువు సాయం నడిచినంత కాలం, సుమారు 15 నెలలు, ఎంతమంది అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారన్న మాట పడకూడదన్నది ఆయన పట్టు. సాయం ఆగిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాకా జనం ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది కూడా దొర కాదు, తెలుగు ఉపదేశకులే.

వాళ్లలో అత్యధికులు మాదిగలు. వాళ్లకు ఈ దారి మొదట చూపినవాడు కూడా పరాయివాడు కాదు. కనిగిరి వైపు తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ. 1866లోనే భార్యతో కలిసి బాప్తిస్మం పొంది, పల్లెపల్లెకూ తిరిగి చెప్పాడు. గంజి ఆగిపోయాక వచ్చినవాళ్లను ‘గంజికి వచ్చారు’ అనడం అబద్ధం. మనుషులుగా చూసేవాళ్ల దగ్గరికి మనుషులు వెళ్లారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌కు లక్షల మంది ఎందుకు వెళ్లారో, అందుకే వెళ్లారు.

దీఘనికాయంలో కూటదంత సుత్తం ఉంది. యజ్ఞం చేయాలనుకున్న రాజుకు పురోహితుడు చెప్పే సలహా అందులో వస్తుంది. దేశంలో దోపిడీలు పోవాలంటే శిక్షలతో పోవు, సేద్యం చేసేవాడికి విత్తనం ఇవ్వు, వ్యాపారం చేసేవాడికి పెట్టుబడి ఇవ్వు, కొలువు చేసేవాడికి కూలి ఇవ్వు అంటాడు. దానానికి బుద్ధుడు పెట్టిన కొలత అదే. తీసుకున్నవాడు లేచి నిలబడాలి. బకింగ్‌హాం కాలువ గట్టున జరిగిన మంచి ఈ కొలతకు సరిపోతుంది. దాన్ని మెచ్చుకుంటే మన ధమ్మానికి వచ్చే నష్టమేమీ లేదు.

అంతమాత్రాన మిషన్ల పనినంతా నెత్తిన పెట్టుకోమని అనడం లేదు. బాబాసాహెబ్ ఈ విషయం మీద వివరంగా రాశారు. మిషన్లు కాలేజీలకూ ఆసుపత్రులకూ పోసిన డబ్బులో పెద్ద వాటా సవర్ణ హిందువులకే ఉపయోగపడిందన్నారు. చర్చిలో కులం చావలేదన్నారు. మతం మారినవాళ్ల మీద జరిగే సాంఘిక అన్యాయాన్ని ఎదిరించే ఉద్యమం ఎక్కడని నిలదీశారు. ఇవి ఈ రోజుకీ జవాబు లేని ప్రశ్నలే. ఒకే దేవుణ్ణి కొలిచే ఒకే పల్లెలో మాల చర్చి, మాదిగ చర్చి వేరువేరుగా ఉండటం మనం కళ్లతో చూస్తున్నదే. ఎంత ఇచ్చినా ఆ గోడ కూలలేదు. కానీ బాబాసాహెబ్ విమర్శ సంస్థల మీద, వాటి విధానం మీద. పొయ్యి ముందు కూర్చుని గుప్పెడు బియ్యం తీసిపెట్టే ఆడమనిషి మీద కాదు.

ముంత

ఆ ఆడమనిషి మా అమ్మ.

మా ఇంట్లో పొయ్యి పక్కన ఒక మట్టి ముంత ఉండేది. రెండు పూటలా ఎసట్లో బియ్యం పోసేముందు అమ్మ ఒక గుప్పెడు తీసి ముంతలో వేసేది. బియ్యం నాలుగు గుప్పెళ్లే ఉన్న రోజున కూడా వేసేది. నెలకోసారి చర్చి స్త్రీల సమాజం వాళ్లు వచ్చి ఇంటింటి ముంతా కొలిచి తీసుకెళ్లేవాళ్లు. ఇది మా పల్లె వింత కాదు. మిజోరంలో 1910 ప్రాంతంలో మొదలైన గుప్పెడు బియ్యం పద్ధతి ఇప్పటికీ అక్కడి చర్చిల్ని నిలబెడుతోంది. 1912లో దోర్నకల్‌కు బిషప్ అయిన అజరయ్య ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్. అంతకుముందే, 1905లో, భారతీయుల డబ్బుతో, భారతీయుల చేతుల మీదుగా నడవాలన్న నియమంతో పెట్టిన నేషనల్ మిషనరీ సొసైటీకి ఆయన ఒక స్థాపకుడు. క్రైస్తవ దానం మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు. పేదవాడికి కూడా ఇచ్చే శక్తి ఉందని నమ్మినవాళ్లు వాళ్లు. ఎంతసేపూ తీసుకునేవాడిగా ఉండిపోతే మనిషికి నడుము వంగుతుంది. గుప్పెడైనా ఇస్తే నిటారవుతుంది. మా అమ్మ నడుము నిటారుగా ఉండేది.

మేము దీక్ష తీసుకున్నది 1997లో. అప్పటికి ముప్పయ్యేళ్లు లేవు. న్యాయశాస్త్రం చదివాం, బాబాసాహెబ్ సంపుటాలు తిరగేశాం, 22 ప్రతిజ్ఞలు కంఠతా వచ్చేశాయి. ఇంటికి వెళ్లి ఆ ముంతను తీసి అమ్మ ముందు పెట్టి, “ఇంకా ఎవర్ని మేపుతావమ్మా?” అని అడిగాం. అమ్మ ఏమీ మాట్లాడలేదు. ముంతలో బియ్యాన్ని మళ్లీ డబ్బాలో పోసింది. మర్నాటి నుంచి ముంత మా ఇంట్లో కనబడలేదు. మూఢనమ్మకం మీద హేతువు గెలిచిందని మేము సంబరపడ్డాం.

పదకొండేళ్ల తర్వాత అమ్మ పోయింది. సమాధి చేసి వచ్చిన మూడో రోజున స్త్రీల సమాజంలోని ఒక పెద్దమ్మ వచ్చి ఒక నోటు పుస్తకం చేతిలో పెట్టింది. “నాయనా, ఇది మీ అమ్మ రాసిందే. మాలో చదువొచ్చింది ఆమె ఒక్కతే గదా” అంది. పుస్తకంలో నెలనెలా ఇంటింటి లెక్క ఉంది. ఎవరింటి నుంచి ఎన్ని సోలలు, అమ్మితే ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది. ఒక బాలింతకు మందులు. ఒక చావుకు గుడ్డ. గుడిసె కాలిపోయిన ఇంటికి తాటాకు. 1981 జూన్ నెల పేజీలో మా పేరు కనబడింది. హాస్టల్ రేకు పెట్టె ఒకటి, దుప్పటి ఒకటి, మొదటి విడత ఫీజు. ఆ పెట్టెను నాన్న అప్పు చేసి కొన్నాడని అప్పటిదాకా అనుకున్నాం.

చివరి పేజీలు తిప్పాం. 1997 తర్వాత కూడా అమ్మ పేరు కింద సోలలు పడుతూనే ఉన్నాయి. ముంత ఆగిపోలేదు. మా కంట పడకుండా పక్కింటికి మారింది.

మేము చేసింది తప్పని చెప్పడానికి కన్నతల్లి మీది మమకారం ఒక్కటే ఆధారం కాదు. ధమ్మమే చెబుతోంది. వైశాలి సేనాపతి సీహుడు నిగంఠుల శిష్యుడు. బుద్ధుడి దగ్గరికొచ్చి ఉపాసకుడయ్యాడు. అప్పుడు బుద్ధుడు ఏమన్నాడు? నీ ఇల్లు చాలాకాలంగా నిగంఠులకు ఆధారంగా ఉంది, వాళ్లొచ్చినప్పుడు ఇచ్చే భిక్షను ఆపవద్దని చెప్పాడు. నాలందాకు చెందిన ఉపాలి గృహపతికీ అదే చెప్పాడు. తనను వాదంలో ఓడించడానికి వచ్చినవాళ్ల గురువులకు అన్నం ఆపవద్దన్నాడు. వచ్ఛగోత్తుడనే పరివ్రాజకుడితో మాట్లాడుతూ, ఇంకొకరి దానాన్ని అడ్డుకునేవాడు ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ నష్టం చేస్తాడని, వాళ్లకంటే ముందు తనకే చేసుకుంటాడని అన్నాడు. న్యాయశాస్త్రంలో పట్టా పుచ్చుకున్న మేము ఈ ఒక్క తీర్పు చదవకుండా అమ్మ మీద శిక్ష వేశాం. మీ ఇళ్లలోనూ అలాంటి ముంతలు ఉంటే, మీరు ఆ పని చేయకండి.

తీసుకునే చేయి

ఇప్పుడు రెండో వైపు చెప్పాలి. చెప్పకపోతే ఇది సగం నిజమే అవుతుంది.

ఆ నోటు పుస్తకం అమ్మతోనే ఆగింది. తర్వాత ఆ పల్లెకు ఒక కొత్త బోధకుడు వచ్చాడు. సొంత పేరుతో సొంత మందిరం. గుప్పెడు బియ్యం పోయి ‘విత్తన కానుక’ వచ్చింది. వెయ్యి విత్తితే పదివేలు కోస్తావంటాడు. స్వస్థత కూటాలకు వేరే చందా, సౌండు బాక్సులకు వేరే చందా. కారు వచ్చింది. పుస్తకం మాత్రం లేదు. అడిగితే దేవుడే లెక్క చూసుకుంటాడన్నాడు. మేము సామాజిక కార్యకర్తలుగా పొదుపు సంఘాల మధ్య తిరుగుతుంటాం. డ్వాక్రా అప్పు తెచ్చి, అందులోంచి దశమభాగం ముందు తీసి ఇచ్చి, మిగిలినదానితో వడ్డీ కట్టలేక చెవి కమ్మలు తాకట్టు పెట్టిన చెల్లెళ్లను చూశాం. అప్పు ఆదాయం కాదు. ఆదాయం కానిదానిలో పదో వంతు ఏమిటి?

ఆ చెల్లెళ్లకు బౌద్ధ గ్రంథాలు చూపించి లాభం లేదు, వాళ్ల గ్రంథాన్నే తెరిచి చూపించాలి. కానుకల పెట్టెలో రెండు కాసులు వేసిన పేద విధవరాలి కథను బోధకులు ప్రతి ఏడూ చెబుతారు. మార్కు సువార్తలో ఆ కథకు సరిగ్గా ముందు ఏముందో చెప్పరు. పొడుగు ప్రార్థనలు చేస్తూ విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రులకు యేసు పెట్టిన చీవాట్లు అక్కడ ఉన్నాయి. దశమభాగం గురించి మలాకీ చదువుతారు. ద్వితీయోపదేశకాండంలో మూడేళ్లకోసారి ఆ భాగాన్ని ఊళ్లోనే ఉంచి, భూమి లేని లేవీయులతో పాటు పరదేశికీ, తండ్రి లేని బిడ్డకూ, విధవరాలికీ కడుపునిండా పెట్టమన్న చోటును చదవరు. పౌలు యెరూషలేము పేదల కోసం చందా వసూలు చేసినప్పుడు, ఆ డబ్బు విషయంలో తనను ఎవరూ వేలెత్తి చూపకూడదని, నమ్మకమైన ఇతరులను వెంట పెట్టుకున్న సంగతి కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఉంది. అపొస్తలుడు లెక్క చెప్పడానికి సిద్ధపడ్డాడు. ఈ కారు బోధకుడికి అంతకంటే పెద్ద హోదా ఎవరిచ్చారు?

‘విదేశీ డబ్బు, విదేశీ డబ్బు’ అని అరిచేవాళ్లకు కూడా ఒక మాట. విదేశాల నుంచి వచ్చే విరాళానికి 2010 నాటి చట్టం కింద ఏటా కేంద్రానికి లెక్క చెప్పాలి. 2020 సవరణతో ఆ ఉచ్చు ఇంకా బిగిసింది. మన వాడ ఆడవాళ్ల నోటి కాడి నుంచి తీసిన డబ్బుకు మాత్రం లెక్క అడిగే నాథుడు లేడు. దోపిడీ విదేశం నుంచి రావడం లేదు. మన వీధిలోనే జరుగుతోంది. అరిచేవాళ్ల బాధ మన ఆడవాళ్ల కోసమే అయితే అడగాల్సింది ఇక్కడ.

మన సంగతి

అయ్యా, ఇంతవరకు చదివి చప్పట్లు కొట్టడానికి సిద్ధమైన బౌద్ధ సోదరులారా, కాస్త ఆగండి. మన నోటు పుస్తకం ఎక్కడ?

1956 అక్టోబరు 15న నాగపూర్‌లో బాబాసాహెబ్ ధమ్మ కార్యానికి ప్రతి ఒక్కరూ తమ ఆదాయంలో ఇరవయ్యో వంతు ఇవ్వాలని అడిగారు. క్రైస్తవుడు పదో వంతు ఇస్తున్నాడు. మనల్ని అడిగింది అందులో సగం. ఎంతమంది ఇస్తున్నాం? 22 ప్రతిజ్ఞల బోర్డు ప్రతి విహారంలోనూ ఉంది. ఇరవయ్యో వంతు బోర్డు ఎక్కడైనా చూశారా?

లెక్క వేద్దాం. నెలకు 40,000 జీతం వచ్చే ఇంటికి ఇరవయ్యో వంతు 2,000. అలాంటి 50 కుటుంబాలు ఒక పట్టణంలో ఉంటే నెలకు లక్ష, ఏడాదికి 12 లక్షలు. పదేళ్లలో ఒక హాస్టలు, ఒక గ్రంథాలయం, పోటీ పరీక్షల కోచింగు నిలబడతాయి. ఇదే పట్టణంలో మేము చూసిందేమిటి? ఒక విహారానికి శంకుస్థాపన జరిగింది, చందాలు వసూలయ్యాయి, పునాది మీద ఆరు పిల్లర్లు లేచాయి, ఇనుప చువ్వలు తుప్పు పట్టాయి. కమిటీ రెండుగా చీలింది. ఒక వర్గం దగ్గర రసీదు పుస్తకాలు, ఇంకో వర్గం దగ్గర బ్యాంకు పాస్‌బుక్కు. జమాఖర్చులు అడిగిన ఉపాసికను ‘నువ్వు ఎవరి మనిషివి?’ అని ఎదురడిగారు. దేవుడే లెక్క చూసుకుంటాడన్న బోధకుడికీ వీళ్లకూ తేడా ఒకటే. వీళ్లకు చెప్పుకోవడానికి దేవుడు కూడా లేడు.

ఏప్రిల్ 14న మన వాడల్లో జరిగే ఖర్చు చూడండి. నిలువెత్తు ఫ్లెక్సీలు, అందులో బాబాసాహెబ్ కంటే పెద్దగా చందాదారుల ముఖాలు, డీజే బాక్సులు, రాత్రయ్యేసరికి సీసాలు. సంపద కారిపోయే ఆరు కంతల్ని బుద్ధుడు సిగాలోవాద సుత్తంలో వరుసగా చెప్పాడు: మద్యం, వేళగాని వేళ తిరుగుళ్లు, వేడుకల పిచ్చి, జూదం, చెడు స్నేహం, సోమరితనం. ఆరింటిలో సగం ఒక్క రాత్రిలో, అదీ ఆయన బొమ్మ ముందే, చేసి చూపిస్తున్నాం.

ఇంకొక మాట చట్టం తెలిసినవాళ్లుగా చెబుతాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే కట్టిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో మనకు అది అందింది. దళిత క్రైస్తవులకు నేటికీ లేదు. అంటే మా అమ్మలాంటివాళ్లు తమ మతం పేరు కాగితం మీద రాస్తే హక్కు పోతుందని తెలిసి కూడా ఆ మతానికి గుప్పెడు తీస్తూ వచ్చారు. మనం మతం పేరు రాసుకుని, రిజర్వేషన్ తీసుకుని, జీతం తీసుకుని, ధమ్మానికి ఎంత తీస్తున్నాం? బోధ్‌గయ మహాబోధి విహారం మన చేతికి రావాలని, 1949 చట్టం మారాలని మనం ఊరేగింపులు తీస్తున్నాం. న్యాయమైన కోరిక. కానీ ఆరు పిల్లర్ల లెక్క చెప్పలేనివాళ్లం మహాబోధి లెక్క అడిగితే ఎదుటివాడు నవ్వడా?

ఉన్నదాన్ని ఎలా వాడాలి?

మన దగ్గర సూత్రం లేక కాదు ఈ దుస్థితి. అంగుత్తరనికాయంలో దీఘజాణు అనే కోలియుడు బుద్ధుణ్ణి అడుగుతాడు. మేము పెళ్లాం పిల్లలతో ఉండే సంసారులం, మాకు పనికొచ్చేది చెప్పండి అని. బుద్ధుడు అతణ్ణి వెక్కిరించలేదు. కష్టపడి సంపాదించు, సంపాదించినదాన్ని కాపాడుకో, మంచివాళ్లతో స్నేహం చెయ్యి, రాబడి ఖర్చులను తక్కెడ పట్టినట్టు సరిచూసుకుని బతుకు అన్నాడు. ఆ తర్వాతే శ్రద్ధ, శీలం, త్యాగం, ప్రజ్ఞ గురించి చెప్పాడు. వరుస గమనించండి. తక్కెడ ముందు, త్యాగం తర్వాత. సిగాలుడికి ఆస్తిని నాలుగు పాళ్లు చేయమన్నాడు. ఒక పాలు అనుభవించడానికి, రెండు పాళ్లు పనిలో పెట్టడానికి, నాలుగోది కష్టకాలానికి. అనాథపిండికుడికి గృహస్థు సుఖాల్ని చెబుతూ అప్పు లేకపోవడాన్ని ఒక సుఖంగా లెక్కపెట్టాడు. ఇల్లు అప్పుల్లో మునుగుతుంటే దానం చేయమని ఆయన ఎవర్నీ అడగలేదు.

పుచ్చుకునేవాళ్లకు చెప్పిన పాఠం ఇంకా గట్టిది. ఉదేన రాజు అంతఃపుర స్త్రీలు ఆనందుడికి 500 వస్త్రాలిచ్చారు. రాజుకు కోపమొచ్చింది. ఈ శ్రమణుడు బట్టల కొట్టు పెడతాడా అనుకుని నేరుగా వెళ్లి అడిగాడు. ఇన్ని ఏం చేస్తావు? చీవరాలు చిరిగిన భిక్షువులకు పంచుతాం. మరి చిరిగినవి? పక్కదుప్పట్లు చేస్తాం. పాత దుప్పట్లు? పరుపు గలేబులు. పాత గలేబులు? కింద పరుస్తాం. పరిచినవి పాతబడితే? కాళ్లు తుడుచుకునే పట్టాలు. అవీ పోతే? దుమ్ము దులిపే గుడ్డలు. అవి కూడా చివికితే? ముక్కలు చేసి మట్టిలో కలిపి నేల మెత్తుతాం. రాజు సంతోషించి ఇంకో 500 ఇచ్చాడు. ఈ కథలో ఆనందుడి పొదుపు గురించి అందరూ చెబుతారు. మేము చెప్పేది ఇంకొకటి. అడిగినవాడు దాత కూడా కాదు, అనుమానంతో వచ్చినవాడు. ఆనందుడు ‘నువ్వెవరు అడగడానికి?’ అనలేదు. చివరి పేలిక దాకా లెక్క చెప్పాడు. మన విహార కమిటీలకు ఇంతకంటే పెద్ద ఆడిట్ నియమావళి అవసరం లేదు.

బాబాసాహెబ్ సేకరించిన డబ్బు ఎక్కడికి పోయిందో కూడా లోకానికి తెలుసు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టారు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల, 1950లో ఔరంగాబాద్‌లో మరో కళాశాల లేచాయి. దానం తరగతి గదులుగా మారింది. అందులో చదివినవాళ్లు లేచి నిలబడ్డారు.

కాబట్టి మేము అడిగేవి ఇవి. ఒకటి, ప్రతి బౌద్ధ ఇంట్లో గుప్పెడు మళ్లీ మొదలవ్వాలి. బియ్యమే కానక్కర్లేదు, రోజుకు పది రూపాయల నాణెమైనా సరే, పిల్లల చేత వేయించండి. క్రైస్తవుల దగ్గర నేర్చుకున్నామని చెప్పుకోవడానికి సిగ్గుపడకండి. రెండు, జీతగాళ్లు ఇరవయ్యో వంతు ఇవ్వాలి. అప్పుల్లో ఉన్న ఇంటి నుంచి పైసా తీసుకోకూడదు. ముందు ఆ అప్పు తీరే దారి సంఘం చూడాలి. మూడు, ప్రతి పున్నమికీ వందనం అయ్యాక జమాఖర్చులు పైకి చదవాలి. చదివేది అధ్యక్షుడు కాదు, కమిటీలో లేని ఒక ఉపాసిక. విహార కమిటీని 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేసి, ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, లెక్కలు ఆడిట్ చేయించాలి. ఇందుకు లాయరు ఫీజు అక్కర్లేదు, మాలాంటివాళ్లు ఊరికే చేసిపెడతారు. నాలుగు, ఖర్చులో చదువుకు మొదటి పాలు. పిల్లల పెట్టె, దుప్పటి, ఫీజు అయ్యాకే గోపురం, రంగులు, గ్రానైటు. అయిదు, పక్కవాడలో క్రైస్తవుడి గుడిసె కాలితే మన నిధి నుంచి కూడా తాటాకు వెళ్లాలి. సీహ సేనాపతికి చెప్పింది మనకూ చెప్పినట్టే.

అరువు తెచ్చుకున్న పద్ధతి అని ఎవరైనా అంటే వాళ్లను అమరావతికి తీసుకెళ్లండి. ధాన్యకటక మహాస్తూపానికి రాళ్లు ఇచ్చినవాళ్ల పేర్లు బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. వాటిలో ఒక పలక మీద పూర్ణఘటం చెక్కి ఉంది. ఇచ్చినవాడు విధికుడు. అతని వృత్తి కూడా రాసి ఉంది: చర్మకారుడు. తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో కలిసి ఇచ్చాడు. ఇచ్చినవాడెవరు, ఏమిచ్చాడు, ఎవరితో కలిసి ఇచ్చాడు అన్నీ నలుగురూ చదివేలా రాతి మీద ఉన్నాయి. తోళ్ల పని చేసిన విధికుడి వారసులే తోళ్ల వ్యాపారి పేరయ్య వెంట గుండ్లకమ్మలో దిగారు. వాళ్ల వారసులే నాగపూర్ దారి పట్టారు. ఇచ్చే చేయి ఈ రెండువేల ఏళ్లూ మనదే. అది ఎవరి ముంతలో వేస్తోందన్నదే మారుతూ వచ్చింది.

అమ్మ నోటు పుస్తకం ఇప్పుడు మా టేబులు మీద ఉంది. అందులో ఇంకా పదమూడు ఖాళీ పేజీలున్నాయి. వచ్చే పున్నమి నుంచి మా విహారం లెక్క ఆ పేజీల్లోనే రాయాలని తీర్మానించుకున్నాం. ఎవరైనా వచ్చి చూడవచ్చు, అడగవచ్చు.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.